నాణెం న్యాయమైనదే, నియమం న్యాయమైనదేనా?



టాస్ వేస్తే బొమ్మ పడే అవకాశం సగం, బొరుసు పడే అవకాశం సగం. కాబట్టి టాస్‌పై ఆధారపడిన నియమం న్యాయమైనదే అని చాలామంది అనుకుంటారు. ఇది ఎంతవరకు నిజమో అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఆట పరిచయం

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. ఇందులో బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. ప్రత్యర్థి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. గోల్ స్తంభాల మధ్యనుంచి తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. క్రికెట్‌లో బ్యాటింగ్ వలె, బంతి చేతికి వచ్చిన జట్టుకే సాధారణంగా పాయింట్లు చేసే అవకాశం. 60 నిమిషాల తర్వాత స్కోర్లు సమానమైతే టాస్ వేసి అదనపు సమయం ఆడిస్తారు.

నియమాలు

1974లో లీగ్ మ్యాచ్‌లకు అదనపు సమయం ప్రవేశపెట్టారు. ముందు ఎవరు పాయింట్లు చేస్తే వారిదే గెలుపు. 2010లో ప్లేఆఫ్ మ్యాచ్‌లకు ఒక సవరణ చేశారు. మొదటి జట్టు ఫీల్డ్ గోల్ మాత్రమే చేస్తే రెండో జట్టుకూ బంతి ఇవ్వాలి; టచ్‌డౌన్ చేస్తే మాత్రం ఆట ముగిసినట్లే. 2012లో దీనిని లీగ్ మ్యాచ్‌లకూ వర్తింపజేశారు.

2022 జనవరి 23న కాన్సాస్ సిటీ, బఫెలో జట్లు 36-36తో సమానంగా నిలిచాయి. చివరి రెండు నిమిషాల్లోనే రెండు జట్లూ కలిపి 25 పాయింట్లు చేశాయి. టాస్ గెలిచిన కాన్సాస్ సిటీ మొదటి అవకాశంలోనే టచ్‌డౌన్ చేసి 42-36తో గెలిచింది. అంత బాగా ఆడిన బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ చేతికి అదనపు సమయంలో బంతే రాలేదు.

లెక్క చూద్దాం

2010 సవరణ తర్వాత 2022 మార్చి నాటికి అదనపు సమయానికి వెళ్లిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు 12. టాస్ గెలిచిన జట్టు 10 గెలిచింది. అందులో 7 మొదటి టచ్‌డౌన్‌తోనే ముగిశాయి. టాస్ వల్ల ఏ లాభమూ లేకుంటే 12లో 10 గానీ అంతకు మించి గానీ గెలిచే సంభావ్యత ఎంత?

మొత్తం ఫలితాలు: 2 ఘాతం 12 = 4096
అనుకూలమైనవి: 66 + 12 + 1 = 79
సంభావ్యత: 79/4096, అంటే సుమారు 1.9 శాతం

12 మ్యాచ్‌లు చిన్న నమూనాయే. అయినా అనుమానించడానికి ఈ లెక్క చాలు.

2022 మార్చిలో జట్ల యజమానులు 29-3 ఓట్లతో ప్లేఆఫ్ నియమం మార్చారు. మొదటి టచ్‌డౌన్‌తో ఆట ముగియదు, రెండో జట్టుకూ బంతి దక్కుతుంది. 2025లో లీగ్ మ్యాచ్‌లకూ ఇదే పద్ధతి వచ్చింది.

సమస్య పూర్తిగా తీరిందా? 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో టాస్ గెలిచిన శాన్ ఫ్రాన్సిస్కో ముందు ఆడి 3 పాయింట్లు చేసింది. ఎన్ని కావాలో తెలిసి ఆడిన కాన్సాస్ సిటీ టచ్‌డౌన్‌తో 25-22గా గెలిచింది. వంతులు సమానమైనా, వరుసలో తేడా మిగిలే ఉంది.

గ్రహించవలసినది

చీటీ సక్రమంగా తీయడం ఒక న్యాయం. చీటీలో ఓడినవారికి కూడా తమ ప్రతిభ చూపే వంతు ఉండడం మరో న్యాయం. ఏ నియమాన్నయినా మెచ్చుకునే ముందు "నేను ఓడిన పక్షాన ఉంటే దీన్ని ఒప్పుకుంటానా?" అని ప్రశ్నించుకోండి.

అభ్యాసం

1. 12లో 9 గానీ అంతకు మించి గానీ గెలిచే సంభావ్యత కనుక్కోండి.
2. 2021లో బాల్టిమోర్ జట్టు ఒక ప్రతిపాదన చేసింది: బంతి ఎక్కడ ఉంచాలో ఒక జట్టు నిర్ణయించాలి, ముందు దాడి చేయాలా అడ్డుకోవాలా అన్నది రెండో జట్టు ఎంచుకోవాలి. దీనికి ఆమోదం లభించలేదు. ఇంట్లో మిఠాయి పంచే పద్ధతితో దీన్ని పోల్చి, మీ అభిప్రాయం పది వాక్యాల్లో రాయండి.