మిడి ఫైల్లో స్వరాలు ఎందుకు దూరమవుతాయి?

ప్రశ్న: పైథాన్‌లో మిడో లైబ్రరీతో సరళీ వరసలను మిడి ఫైలుగా రాశాను. మొదటి స్వరం సరిగ్గానే పడుతోంది. తర్వాతివి పోనుపోనూ దూరమవుతున్నాయి. తప్పెక్కడ?

జవాబు: తప్పు కాలాన్ని కొలిచే తీరులో ఉంది. మిడి ఫైలు ప్రతి ఘటనకూ పాట మొదలైనప్పటి నుంచి లెక్క రాసుకోదు. ముందటి ఘటన తర్వాత ఎన్ని టిక్కులు గడిచాయో మాత్రమే చూస్తుంది.

బీట్‌కు 480 టిక్కులనుకుంటే, మొదటి స్వరం 0 దగ్గర మొదలై 480 దగ్గర ఆగాలి. రెండోది 480 దగ్గరే మొదలవ్వాలి. దానికి 480 అని రాస్తే అది 960 దగ్గర మోగుతుంది. ఇలాగే సాగితే మూడోది 960కి బదులు 2880కి జారిపోతుంది. స్వరం మొదలుకు 0, ముగింపుకు 480 అని రాస్తే వరస కుదురుతుంది. షడ్జమ, పంచమాలు ఒకేసారి మోగాలంటే రెండోదాని మొదలుకు 0 ఇవ్వాలి. ముగింపుల్లోనూ మొదటిదానికి 480, రెండోదానికి 0.

గతి మారితే మరో చిక్కు. 480ని 3, 4, 5 భాగిస్తాయి కాబట్టి తిశ్ర, చతురశ్ర, ఖండ గతులకు ఇబ్బంది లేదు. మిశ్ర గతిలో ఏడో వంతు 68.57. దాన్ని 69 చేస్తే ప్రతి బీట్‌లో 3 టిక్కులు అదనంగా పోగవుతాయి. బీట్‌కు 1260 టిక్కులు పెట్టుకుంటే 3, 4, 5, 7, 9 అన్నీ శేషం లేకుండా భాగిస్తాయి.

ముందు అన్ని ఘటనలకూ మొదటి నుంచి లెక్కించిన కాలం వేసి, వరసలో పేర్చి, చివర్లో మాత్రమే తేడాలు తీయండి.