డెలీ కౌంటర్ ముందు నిలబడే మన పిల్లలకు

న్యూజెర్సీలో ఓ సూపర్‌మార్కెట్ డెలీ కౌంటర్ వెనక ఏళ్ల తరబడి మాంసం కోసినదాన్ని. కొత్తగా వచ్చిన మన పిల్లలు ఏం అడగాలో తెలియక, పక్కన వేలాడే ప్యాకెట్ అందుకుని వెళ్లిపోతుంటారు. ఈ నాలుగు ముక్కలు వాళ్ల కోసం.

1. బరువుతో పాటు మందం కూడా చెప్పండి. "పావు పౌండు టర్కీ" అంటే సగం మాటే. పల్చగానా, మందంగానా? మొదటి ముక్క కోసి చూపించమనండి, ఎవరూ విసుక్కోరు. హామ్, టర్కీ మడత పడేంత పల్చగా ఉంటేనే రుచి. మందపు ముక్క నమిలితే ఉప్పే తెలుస్తుంది. ఇటలీ ఎండు హామ్ ప్రొషూటో అయితే ముక్కలోంచి అవతలి వెలుతురు కనబడాలి. ఒకప్పుడు ఇది బాగా చెయ్యి తిరిగినవాళ్ల పని. 1898లో రాటర్‌డామ్‌లో విల్హెల్మ్ వాన్ బెర్కెల్ అనే మాంసం కొట్టు యజమాని కోత యంత్రం తయారు చేశాకే ఆ పల్చదనం మామూలు కొట్లకూ వచ్చింది.

2. పాస్ట్రామీకి మాత్రం పై సూత్రం వర్తించదు. గొడ్డుమాంసాన్ని ఉప్పునీళ్లలో ఊరబెట్టి, మిరియాలూ ధనియాలూ దట్టంగా పట్టించి, పొగబెట్టి, చివర్లో ఆవిరి మీద మెత్తబరుస్తారు. రొమేనియా నుంచి వచ్చిన యూదులు న్యూయార్క్‌కు తెచ్చిన వంట. వేడిగా ఉన్నప్పుడు యంత్రంలో పెడితే పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే హౌస్టన్ స్ట్రీట్‌లో 1888 నాటి కాట్జ్ డెలీలో ఈనాటికీ చేత్తోనే, మందంగా కోస్తారు. కోసే ఆయన ముందు ఓ ముక్క రుచికి ఇస్తాడు. రై బ్రెడ్, మస్టర్డ్ చాలు. మయొనీస్ అడిగారో, ఆయన చూపు మీరే భరించాలి. యూదుల ఆచారం పాటించే కోషర్ డెలీకి వెళ్తే చీజ్ మాట ఎత్తకండి; అక్కడ మాంసమూ పాలూ కలవవు.

3. పాస్ట్రామీ కోసం బారులు తీరే జనమే బలోనీ అనే మెత్తటి సాసేజ్ అంటే నవ్వుతారు. అది బడిపిల్లల డబ్బాలో తిండి, డబ్బు లేనివాళ్ల తిండి అని చులకన. దాని పెద్దింటి చుట్టం, ఇటలీ బొలోనా ఊరి మోర్టడెల్లా, పిస్తాపప్పులతో అదే కౌంటర్ అద్దం వెనక దర్జాగా కూర్చుంటుంది. నాకైతే బలోనీ మీద చిన్నచూపు లేదు. కాస్త మందంగా కోయించి, అంచున ఒక గాటు పెట్టి (లేదంటే మధ్యలో ఉబ్బుతుంది) పెనం మీద ఎర్రగా కాల్చి చూడండి.

4. ఏ మాంసమో అడగడానికి మొహమాటం వద్దు. సలామీలో పందీ గొడ్డూ రెండూ ఉండొచ్చు. పంది కోసిన యంత్రం మీదే టర్కీ కోయడం చాలాచోట్ల మామూలే. శుభ్రం చేసి కోయమంటే చేస్తాం. దానికీ మనసొప్పకపోతే హలాల్ కొట్టే దారి.

5. కడుపుతో ఉన్న అమ్మాయిలూ, ఊరి నుంచి వచ్చిన 65 దాటిన అమ్మానాన్నలూ డెలీ మాంసాన్ని చల్లగా తినకూడదు. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్‌లోనూ పెరుగుతుంది. 2024లో వర్జీనియాలోని ఒక కర్మాగారం మాంసం వల్ల పదిమంది చనిపోయారు. 165 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే పొగలు కక్కేదాకా వేడి చేసి పెట్టండి. మిగతావాళ్లైనా మూడు నుంచి ఐదు రోజుల్లో తినగలిగినంతే కొనండి. చవకని రెండు పౌండ్లు కట్టించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

6. రోజూ తినే తిండి కాదిది. ఇలాంటి ప్రాసెస్డ్ మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో చెప్పింది. "అన్‌క్యూర్డ్" అని రాసి ఉన్నదాంట్లో కూడా సాధారణంగా సెలెరీ పొడి రూపంలో, మాంసం నిల్వకు వాడే నైట్రైట్ ఉండనే ఉంటుంది. ఆ ఒక్క మాట కోసం పౌండుకు మరో రెండు డాలర్లు పోయకండి.