ముందు డై మార్పు సంగతి చూడు

చిరంజీవి చిన్నాకు,

నీ ఉత్తరం అందింది. యూనిట్‌లో లీన్ మొదలుపెడతానన్నావు, సంతోషం. కానీ కోడలు ఫోన్‌లో ఇంకో మాట చెప్పింది. ప్రెస్సుల దగ్గరున్న హెల్పర్లు ఇద్దరికీ నెలాఖరుకు లెక్క తేల్చేస్తున్నావట. అది విన్నప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. వాళ్ళు మీ నాన్న చేర్చుకున్న పిల్లలురా.

లీన్ అంటే మనుషుల్ని తగ్గించడమని నీకెవరు చెప్పారు? టయోటాలో తైఇచి ఓనో ఏరిపారేయమన్నది వృథాని. ఏడు రకాలు లెక్కపెట్టి, అన్నిట్లోకీ చెడ్డది అవసరానికి మించి తయారుచేయడమే అన్నాడు. నీ షెడ్డులో అదెక్కడుందో దసరాకి వచ్చినప్పుడే చూశాను. రెండో ప్రెస్సు పక్కన బ్రాకెట్ల ట్రేలు నడుమెత్తున ఉన్నాయి. వాటిని కొనే కంపెనీ రోజుకు 600 తీసుకుంటుంటే నువ్వు ఒక్క ఊపున 5,000 కొట్టిస్తున్నావు. డై మార్చాలంటే గంటన్నర పడుతుంది గనక, ఎక్కించింది ఎందుకు దించాలని. ఆ మొత్తానికీ బర్, అంటే అంచున గరుకు, ఉందని వాళ్ళ ఇన్‌స్పెక్షన్‌లో తేలితే సరుకంతా వెనక్కొస్తుందని మొన్న వేసవిలో చూశావుగా.

అందుకని గోడకు బోర్డులు, నేలకు పసుపు గీతలు తర్వాత. ముందు ఒక డై మార్పు మొదలు నుంచి చివరిదాకా నిలబడి చూడు. ఫోన్‌లో వీడియో తీయించు. ప్రెస్సు ఆగాక స్పానర్ కోసం వెతుకులాట. ఒక క్లాంపుకి 19, ఇంకోదానికి 24. పాత డై దిగాకగానీ కొత్తది ర్యాకులోంచి కదలదు. ఒక్కో డైది ఒక్కో ఎత్తు, అందుకని ర్యామ్ మళ్ళీ సర్దాలి, అడుగున ప్యాకింగ్ పెట్టాలి, రెండు ముక్కలు కొట్టి చూసి మళ్ళీ విప్పాలి. ఇందులో సగానికి పైగా ప్రెస్సు నడుస్తుండగానే చేసుకోదగ్గ పని. తర్వాతి డైని తుడిచి ముందే ట్రాలీ మీద తెచ్చిపెట్టాలి. అన్ని డైలకూ అడుగున ప్లేట్లు వేసి ఒకే ఎత్తుకు తేవాలి. బోల్టులన్నీ ఒకే సైజు ఉండాలి. వెనక రెండు స్టాపర్లు బిగిస్తే డై నెట్టగానే చోటులో కూర్చుంటుంది. ఇదంతా నీ టూల్ రూమ్‌లోనే అయ్యే పని, కొత్త మెషీన్ కొనక్కర్లేదు. 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సు మీద నాలుగు గంటలు పట్టే డై మార్పుని షిగియో షింగో ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు తెప్పించాడు. నీది చిన్న ప్రెస్సు. పావుగంటకు తెచ్చినా చాలు, ఏ రోజు సరుకు ఆ రోజు కొట్టుకోవచ్చు.

బాలానగర్‌లో నేను పనికి చేరిన కొత్తలో ఒక పెద్దాయన డై సెట్టర్‌గా ఉండేవాడు. తన బోల్టులు, ప్యాకింగులు రేకుపెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడు. ఆయన రాని రోజు ఆ ప్రెస్సు నడిచేది కాదు. నామీద మాత్రం ప్రాణం. మధ్యాహ్నం తన క్యారియర్‌లో ఉలవచారు నాకు సగం పోసేవాడు. గోరు ఆనించి బర్ పట్టడం నేర్పింది ఆయనే. అక్కడే ఇద్దరు హెల్పర్లు డైలకు నంబర్లు వేసి ర్యాకులో వరసగా పెడదామన్నారు. పెట్టాక వెతుకులాట తప్పింది. యజమాని మెచ్చుకున్నాడు, మరుసటి నెలలో ఆ ఇద్దర్నీ తీసేశాడు. ఆ తర్వాత షెడ్డులో ఎవ్వరూ ఒక్క ఉపాయం చెప్పలేదు. మిగిలిన నిమిషాలతో మనిషి ఉద్యోగం పోతుందంటే నీకు నిమిషాలు ఎవరు మిగులుస్తారు నాన్నా?

లీన్ నేర్పే సలహాదారు ఫీజు గురించి బెంగపడకు. కేంద్రం 2023లో మొదలుపెట్టిన ఎంఎస్ఎంఈ లీన్ పథకంలో ఆ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. కంపెనీ వాళ్ళు రోజుకు రెండుసార్లు సరుకు పంపమంటే ఒప్పుకో. కానీ సాయంత్రానికి షెడ్యూలు మారిస్తే కుదరదని గట్టిగా చెప్పు. వాళ్ళ స్టాకు నీ షెడ్డులో దాచుకోవడం లీన్ కాదు.

రాత్రి పదింటికి ఇంటికొచ్చి, చల్లారిన అన్నం తింటున్నావట. ఒళ్ళు జాగ్రత్త. మీ నాన్నా ఇలాగే చేసేవాడు.

సోమవారం ఆ పిల్లలిద్దర్నీ పిలిచి, మిమ్మల్ని తీసేయడం లేదని నువ్వే చెప్పు. సూపర్‌వైజర్‌తో చెప్పించకు. తర్వాత ఆ వీడియో వాళ్ళతోనే కలిసి చూడు.

మీ పెదనాన్న