పసిబిడ్డ ఊలు బట్టలు: ఉతకడం, దాచడం

చలికాలం వచ్చిందంటే మన ప్రసూతి వార్డులో ఏటా ఒక దృశ్యం చూస్తుంటాము. బిడ్డ పుట్టిన కబురు అందగానే పాడేరు ఘాట్ మీదినుంచో, మాడుగుల చుట్టుపక్కల పల్లెలనుంచో అమ్మమ్మ ఒక మూటతో దిగుతుంది. పెద్దబిడ్డ వేసుకున్న స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు అందులో భద్రంగా ఉంటాయి. మూట విప్పగానే వార్డంతా కలరా ఉండల వాసన. స్వెట్టరు చేతిలోకి తీసుకుంటే గోనెసంచిలా గరుకు. హన్నా తన కుమారుడు సమూయేలుకు ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళినట్టే ఈ అమ్మమ్మా ప్రేమతోనే తెచ్చింది. అయినా ఆ బట్టలు అలాగే బిడ్డకు వేయవద్దని మేము చెప్పవలసి వస్తుంది. ఎందుకో ఈ నెల పాఠంలో వివరంగా రాస్తున్నాము.

ముందు స్వెట్టరు చేసే పని ఏమిటో తెలుసుకుందాము. స్వెట్టరు వేడి పుట్టించదు. బిడ్డ ఒంటి వేడినే ఊలు పోగుల మధ్య నిలిచిన గాలి పట్టి ఉంచుతుంది. పోగులు పొంగి మెత్తగా ఉంటేనే గాలి నిలుస్తుంది. జిడ్డుతో అణిగిపోయినా, కుంచించుకుపోయి ఒంటిని బిగపట్టినా దాని పని సరిగా జరగదు. పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకు తగ్గితే బిడ్డ పాలు సరిగా తాగదు, మందకొడిగా పడి ఉంటుంది. లంబసింగి, చింతపల్లి వైపు కొన్ని ఏళ్ళు రాత్రివేళ సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది గనుక పైనుంచి వచ్చే తల్లులకు ఇది చిన్న విషయం కాదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే ఏ స్వెట్టరుకన్నా తల్లి రొమ్ముమీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవడమే మేలు. టోపీ, స్వెట్టరు ఆ తర్వాతివి.

మనం ఊలు అని పిలిచేదంతా గొర్రె బొచ్చు కాదు. చలికాలంలో రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే స్వెట్టర్లలో చాలామట్టుకు అక్రిలిక్, అంటే ఫ్యాక్టరీలో చేసిన నూలు. తెలుసుకోవడం తేలిక. లోపలి అతుకునుంచి చిన్న పోగు తీసి, పిల్లలు దగ్గర లేనప్పుడు పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయితే అది నిజమైన ఉన్ని. కరిగి గట్టి పూసలా మారితే అక్రిలిక్. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కింద చెబుతాము.

ఇక ఉతకడం. ఉన్ని పోగుమీద చేప పొలుసుల్లాంటి సన్నని పొరలు ఉంటాయి. వేడినీళ్ళలో వేసి సబ్బుపొడితో రుద్దితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగిసిపోతాయి. అలా బిగిసిన స్వెట్టరును తిరిగి పాతరూపానికి తేలేము. అందుచేత బండమీద బాదడం, బ్రష్షు, ఘాటైన సబ్బుపొడి మూడూ వద్దు. మనకు కుంకుడుకాయ ఉండనే ఉంది. ఏజెన్సీలో గిరిజనులు ఏరి తెచ్చే కుంకుళ్ళను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది; సంతల్లోనూ దొరుకుతాయి. పది కాయలు కొట్టి, గింజ తీసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పిసకండి. నురగ వచ్చాక పలుచని గుడ్డలో వడకట్టండి, లేకపోతే తొక్కముక్కలు ఊలుకు అంటుకుని బిడ్డకు గుచ్చుకుంటాయి. ఆ రసం కళ్ళలో పడకుండా చూసుకోండి.

నీళ్ళ వేడి బిడ్డ స్నానానికి మోచేతితో చూసుకున్నంతే చాలు. స్వెట్టరు తిరగేసి పది నిమిషాలు ముంచి, అరచేతులతో నొక్కుతూ వదులుతూ ఉండండి. పిండవద్దు. జాడించే నీళ్ళు కూడా అంతే వెచ్చగా ఉండాలి. వేడినుంచి ఒక్కసారి చన్నీళ్ళలో వేస్తే ఉన్ని ముడుచుకుంటుంది. బోరునీళ్ళలో సబ్బు విరిగి తెల్లని జిడ్డులా పోగులకు పడుతుంది, గరుకుదనానికి అదీ ఒక కారణం. అటువంటి నీళ్ళున్న ఇళ్ళవారు చివరి జాడింపులో ఒక చెంచా వెనిగర్ కలిపితే ఆ జిడ్డు వదులుతుంది. తడిసిన స్వెట్టరు బరువుగా ఉంటుంది గనుక రెండు చేతులూ కిందపెట్టి ఎత్తి, పొడి తువ్వాలులో చాపలా చుట్టి నొక్కండి. దండెంమీద వేలాడదీస్తే సాగిపోతుంది. నులక మంచంమీద గుడ్డ పరచి, నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టండి. అక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె దగ్గరకే తీసుకెళ్ళవద్దు. ఒక్కసారి కాలిందంటే పీలికలా వేలాడుతుంది.

ఆరిన తర్వాత చేతి తొడుగులనూ మేజోళ్ళనూ తిరగేసి, వేలాడే దారాలు కత్తిరించండి. అటువంటి దారం బిడ్డ వేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలియనప్పుడు వేళ్ళు కూడా చూడండి. ఊలు నేరుగా చర్మానికి తగలకుండా లోపల పాత నూలు చొక్కా వేయండి, నూనె మర్దన చేసిన రోజున మరీనూ.

ఇంట్లో ఎవరికైనా గజ్జి ఉంటే వారి స్వెట్టరును మరిగే నీళ్ళలో వేసి పాడుచేసుకోవద్దు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టి, కనీసం మూడు రోజులు, వీలైతే వారం ఉంచండి. మనిషి ఒంటిని వదిలిన గజ్జి పురుగు రెండు మూడు రోజులకు మించి బ్రతకదు. మందు మాత్రం ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి.

ఇప్పుడు కలరా ఉండల సంగతి. పేరులో కలరా ఉన్నా ఆ జబ్బును ఇవేమీ ఆపవు. ఇది నాఫ్తలీన్ అనే రసాయనం. ఆవిరిగా మారి బట్టల్లో ఇంకుతుంది. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాలలో ఈ లోపం ఎక్కువ, మగబిడ్డలలో మరీ ఎక్కువ. మలేరియాకు ప్రిమాక్విన్ మాత్ర ఇచ్చే ముందు డాక్టర్లు దీని గురించి చూసేది అందుకే. ఈ లోపమున్న బిడ్డ నాఫ్తలీన్ ఆవిరి పీలిస్తే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. నూనెలో కరిగే పదార్థం గనుక నూనె రాసిన చర్మంలోనుంచి కూడా లోపలికి పోతుంది. కణాలు చితికితే కామెర్లు వేగంగా పెరుగుతాయి. మెదడుకు ఎక్కితే వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. 1963లోనే గ్రీసు దేశపు వైద్యులు ఇలా జబ్బుపడిన పసిబిడ్డల గురించి రాశారు. ఆ లోపం మీ బిడ్డకు ఉందో లేదో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు.

పైగా చిమ్మెట పురుగు తినేది నిజమైన ఉన్నినే. అక్రిలిక్ జోలికి రాదు. అంటే మన ఇళ్ళలోని చాలా స్వెట్టర్లకు కలరా ఉండలు పెట్టడం శుద్ధ దండుగ! ఉన్నిలోనైనా చెమట, పాల మరకలు ఉన్నచోటే పురుగు ముందు పడుతుంది. శుభ్రంగా ఉతికి, తడి లేకుండా ఆరబెట్టి, పాత దిండుగలేబులో పెట్టి మూతి కట్టండి. మధ్యలో ఎండు వేపాకు గుడ్డలో మూటగట్టి ఉంచవచ్చు. నెలకొకసారి తీసి దులపండి. కలరా ఉండలకు బదులు కర్పూరం బిళ్ళలు పెట్టవద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే మూర్ఛ వస్తుంది.

ఇప్పటికే ట్రంకుపెట్టెలో కలరా ఉండలతో ఉన్న బట్టలను ఉతికినంతమాత్రాన వాసన పూర్తిగా పోదు. బయట గాలికి చాలా రోజులు ఆరవేసి పెద్దపిల్లలకు వాడుకోండి, పుట్టిన బిడ్డకు మాత్రం వేరే బట్టలు చూడండి. బిడ్డ దుప్పటి, పొత్తిగుడ్డలు, తల్లి చీరలు కూడా ఇదే లెక్క. అలాంటి బట్టలు ముందే వేసి ఉంటే వెంటనే తీసేయండి. కళ్ళు, అరికాళ్ళు పచ్చబడినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, బిడ్డ పాలిపోయి పాలు తాగక మగతగా ఉన్నా పసరు మందులకోసం తిరగకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకురండి. వచ్చేటప్పుడు బిడ్డకు వేసిన బట్టలు ఎక్కడ దాచినవో కూడా డాక్టరుగారికి చెప్పండి.