బ్రష్ కట్టర్ స్టార్ట్ కావట్లేదా? కాయిల్ మార్చే ముందు స్విచ్ చూడండి

మాది హైదరాబాద్ పాతబస్తీ, శాలిబండ. మామిడి తోట కందుకూరు వైపు ఉంది. మనం గడ్డి మందు కొట్టం కదా! వానాకాలంలో గడ్డి కోసి చెట్ల మొదట్లో ఆచ్ఛాదనగా పరచాలంటే బ్రష్ కట్టరే దిక్కు.

పోయిన జూలైలో గడ్డి మోకాళ్ల దాకా పెరిగినప్పుడే అది మొరాయించింది. "కాయిల్ పోయింది" అన్నాడు ఒక మెకానిక్. కొత్త కాయిల్ వేసినా స్టార్ట్ కాలే. ఇంటికి తెచ్చి డాబా మీద విప్పి చూస్తే, పాత కాయిల్ బాగానే ఉంది. తేడా ఉన్నది స్విచ్ వైర్‌లో. డబ్బులూ పోయాయి, నాలుగు రోజుల పనీ పోయింది. మీకు అట్ల కావద్దనే ఈ పాఠం.

స్విచ్ పని ఏంటి?

ఇంట్లో స్విచ్ వేస్తే వైర్లు కలిసి లైటు వెలుగుతుంది. తాడు లాగే చిన్న పెట్రోల్ ఇంజన్‌లో ఇది ఉల్టా. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం తిరిగితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. స్విచ్ ఆఫ్‌లో పెడితే కాయిల్ వైర్ ఇంజన్ బాడీకి కలిసి, ప్లగ్‌కి స్పార్క్ రాదు. అంటే వైర్లు కలిస్తే ఇంజన్ ఆగుతుంది, విడిపోతే నడుస్తుంది.

కాబట్టి వైర్ తోలు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే ఇంజన్ స్టార్ట్ కాదు. వైర్ తెగినా, స్విచ్ లోపల తుప్పు పట్టినా ఇంజన్ ఆగదు.

చెక్ చేసే పద్ధతి (వీడియోలో చూపించాను)

1. ఇంజన్ చల్లారాక ప్లగ్ క్యాప్ పీకేయండి. ఆ తర్వాతే బ్లేడు దగ్గర చెయ్యి పెట్టండి.
2. హ్యాండిల్ నుంచి వచ్చే రెండు స్విచ్ వైర్లను ఇంజన్ దగ్గర విడదీయండి.
3. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, స్విచ్ వైపు వైర్లకు తగిలించండి. ఆఫ్‌లో బీప్ రావాలి, ఆన్‌లో రావద్దు.
4. ఆన్‌లో కూడా బీప్ వస్తే వైర్ ఎక్కడో ఒరుసుకుంది, లేదా స్విచ్ లోపల అతుక్కుంది. ఆఫ్‌లో బీప్ రాకపోతే వైర్ తెగింది, లేదా తుప్పు పట్టింది.
5. రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు ప్లగ్, ఆ తర్వాత కాయిల్ చూడండి.

నా మెషిన్‌లో హ్యాండిల్ బిగించే క్లాంప్ కింద వైర్ నలిగింది. ఆ ముక్క కోసేసి, కొత్త వైర్ అతికి, స్లీవ్ తొడిగాను. స్విచ్చే పోతే రాణీగంజ్‌లోని స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. పాతది చేతిలో పట్టుకుని పోండి.

జాగ్రత్తలు

ఈ వైర్‌కి బ్యాటరీ కరెంటు అస్సలు ఇవ్వొద్దు, కాయిల్ కాలిపోతుంది. నాలుగు స్ట్రోకుల పవర్ వీడర్ అయితే ముందు ఆయిల్ చూడండి. కొన్నింటిలో ఆయిల్ తగ్గితే సెన్సరే స్పార్క్ ఆపేస్తుంది.

స్విచ్‌తో ఇంజన్ ఆగకపోతే భయపడొద్దు. యాక్సిలరేటర్ వదిలి చోక్ మూసేయండి. అది బాగయ్యేదాకా మెషిన్ భుజానికి తగిలించుకోవద్దు. తిరిగే బ్లేడు ముందు ఒక్క క్షణం ఆలస్యమైనా పోయేది మన కాలే.