పదునేడవ యేడు – ఇళయాళ్వారు నేర్పిన పాఠము

పుత్రునకు పదునారేండ్లు నిండిన పిదప వానిని మిత్రునివలె చూడవలెనని పెద్దలు చెప్పిన మాట గృహస్థులందరకు తెలిసినదే. ఆ మాటను ఆచరణలో పెట్టవలసిన మొదటి సంవత్సరము పదునేడవ యేడు. నిన్నటివరకు తండ్రి చేయి పట్టుకొని కోవెలకు వచ్చిన బాలుడు నేడు నాలుగడుగులు వెనుకగా నడచును. అడిగినదానికి ఒక్క ముక్కలో బదులు చెప్పును. ఇంటర్మీడియట్ పరీక్ష, పై చదువు, తండ్రి కోరిక, తన కోరిక, తోడివారి మెప్పు – ఇవన్నియు ఒక్కమారే వాని భుజములపై పడును. పని చెప్పునప్పుడు "పెద్దవాడవైతివి" అందురు. అభిప్రాయము చెప్పబోయిన "చిన్నవాడవు, నీకేమి తెలియును" అందురు. బాలికల స్థితియు నిట్టిదే. ఈ నడిమి ప్రాయమును దాటుట యెట్లు? దాటించుట యెట్లు? భగవద్రామానుజుల యౌవనారంభ చరిత్రమున ఈ రెండు ప్రశ్నలకును సమాధానము గలదు.

క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరునందు ఆసూరి కేశవసోమయాజికిని కాంతిమతీదేవికిని రామానుజులు జన్మించిరి. మేనమామయగు తిరుమలనంబి ఆ శిశువునకు ఇళయాళ్వారని పేరిడెను. పదునారవ యేట వివాహమయ్యెను. అనతికాలముననే తండ్రి పరమపదించెను. పెండ్లి పందిరి తీసిన కొలదినాళ్లకే ఇంటి బరువు ఆ యువకునిపై బడినది. అయినను ఆయన చదువు మానలేదు. కాంచీపుర ప్రాంతమున వేదాంత పాఠము చెప్పుచున్న యాదవప్రకాశుని ఆశ్రయించెను. పినతల్లి కుమారుడు గోవిందుడును ఆయనతోపాటు చదువుచుండెను.

ఇచ్చటనే ఆ ప్రాయమునకు సహజమగు పెద్ద పరీక్ష యెదురైనది. ఒకనాడు ఇళయాళ్వారు గురువుగారి శిరస్సునకు తైలము మర్దించుచుండెను. గురువు ఛాందోగ్యోపనిషత్తునందలి "కప్యాస" పదమునకు అర్థము చెప్పుచు, పరమపురుషుని నేత్రములను కోతి పృష్ఠభాగపు ఎఱ్ఱదనముతో పోల్చెను. శిష్యుని కన్నులు చెమ్మగిల్లి, వేడి కన్నీటి బొట్లు గురువు తొడపై బడెను. గురువు తలయెత్తి కారణ మడిగెను.

ఆ శిష్యుని నడవడిని గమనింపవలెను. తప్పని తోచిన మాట విన్నంతనే ఆయన తైలపాత్రను విసరివేసి లేచిపోలేదు. తోడి విద్యార్థులతో చేరి పరిహసింపలేదు. చేయుచున్న శుశ్రూషను మానక, అడుగువరకు ఓర్చెను. అడిగిన పిదప మాత్రము దాచలేదు. "క" మనగా జలము. దానిని కిరణములతో పానము చేయువాడు గనుక "కపి" యనగా సూర్యుడు. ఆ సూర్యునిచే వికసించినది కప్యాసము. కావున స్వామి కన్నులు సూర్యకిరణములకు విచ్చిన తామరలవంటివని అర్థము చెప్పెను. కోపమునకు మారుగా వ్యాకరణమును, ధిక్కారమునకు మారుగా మేలైన అర్థమును గురువు ముందుంచెను. పెద్దలతో విభేదించు యువకులకు ఇంతకంటె మంచి మార్గము లేదు. కాదనుటతో బాధ్యత తీరదు. ఏది ఔనో వెదకి చూపవలెను.

గురువు పక్షమునను ఒక పాఠము గలదు. యాదవప్రకాశుడు గొప్ప విద్వాంసుడు. శిష్యుని కన్నీటిని చూచెను, కారణమును అడిగెను. అంతవరకు బాగుగనే యున్నది. కాని వచ్చిన సమాధానమును సహింపలేకపోయెను. నేటి ఇండ్లలోను ఇదే జరుగుచున్నది. "ఏమైనదిరా నాయనా, చెప్పుము" అని తండ్రి అడుగును. కుమారుడు ధైర్యము చేసి "నాకు ఆ చదువు వలదు" అనునంతలో తండ్రి ముఖము మారును. మరునాటినుండి ఆ బాలుడు నోరు విప్పడు. అడుగుట సులభము, విని ఓర్చుట కష్టము. వినలేని ప్రశ్న అడుగకుండుటకంటె హానికరము.

సహింపలేని ఆ కోపము ద్వేషమై, కాశీయాత్ర నెపమున ఇళయాళ్వారును గంగలో ముంచి చంపు ఆలోచనకు దారితీసెనని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. వింధ్యాటవిలో గోవిందుడు ఆ సంగతి గ్రహించి అన్నకు రహస్యముగా చెప్పి హెచ్చరించెను. ఇళయాళ్వారు వెంటనే ఆ గుంపును విడిచి తప్పించుకొనెను. గురుభక్తియనగా ప్రాణము నప్పగించుట కాదు. తనకు కీడు తలపెట్టిన చోటునుండి తొలగిపోవుట అవినయమును కాదు, పిరికితనమును కాదు. పదునేడేండ్ల పిల్లలకు పెద్దలు ఈ మాట స్పష్టముగా చెప్పి యుంచవలెను. ఆపదను చూచి దాచక చెప్పు గోవిందునివంటి మిత్రుని సంపాదించుకొనుమనియు చెప్పవలెను.

అడవిలో దారి తెలియక తిరుగుచున్న ఆ యువకునకు ఒక వేట దంపతులు తోడైరి. ఆ స్త్రీ దప్పికగొనగా ఆయన సమీపమునందలి బావినుండి దోసిటితో నీరు తెచ్చి యిచ్చెను. అంతలో వారు అదృశ్యులైరి; తలయెత్తి చూడగా కంచి వరదరాజస్వామి విమానము కనబడెను. ఆ దంపతులు పెరుందేవీ సమేతుడగు వరదుడేయని సంప్రదాయము. ఇల్లు చేరినవెంటనే ఆయన జరిగినదంతయు తల్లికి చెప్పెను; వరదునకు వింజామర కైంకర్యము చేయు తిరుక్కచ్చినంబికిని నివేదించెను. మనస్సులోని భయమును ఒంటరిగా మోయలేదు.

తిరుక్కచ్చినంబి ఆ యువకునకు దీర్ఘోపన్యాసము చేయలేదు. దినదినము ఆ శాలైక్కిణరు బావినుండి తీర్థము తెచ్చి స్వామికి సమర్పింపుమని మాత్రము చెప్పెను. ఆశ్రయించిన గురువు చెంతనే ప్రాణభయము నెరిగిన యువకునకు దొరికిన ఔషధము ఒక కడివెడు నీరు! మేనమామ తిరుమలనంబి శేషాచలముపై ఆకాశగంగనుండి తీర్థము తెచ్చుచుండెను. మేనల్లుడు కంచిలో బావినీరు మోసెను. కలతపడిన ప్రాయమునకు ప్రతిదినము తప్పక చేయవలసిన ఒక చిన్న సేవ ఊతకోల వంటిది. ఇంటిలో సాయంకాలము దీపము పెట్టుటయో, తాతగారికి మందు అందించుటయో, తులసికి నీరు పోయుటయో – "ఇది నీవు లేక జరుగదు" అని నమ్మకముతో అప్పగించిన పని యువకుని నిలబెట్టును.

ఇక గోవిందుని సంగతి. కాశీయాత్ర పిదప ఆయన శ్రీకాళహస్తిలో శివారాధనము చేయుచు నిలిచిపోయెను. తమ కుటుంబపు తెరువు విడిచిన మేనల్లుని కొఱకు, ఇళయాళ్వారు ప్రార్థనపై, తిరుమలనంబియే బయలుదేరెను. బలవంతముగా లాగికొని రాలేదు. గోవిందుడు పూజకు పూవులు కోయు చోటనే కూర్చుండి తన శిష్యులకు దివ్యప్రబంధార్థములు చెప్పుచుండెను. వినుటయు వినకుండుటయు గోవిందుని వంతు. ఒక్కమారు పోయి విసిగి రాక, మరల మరల పోయెను. కడకు ఒకనాడు గోవిందుడు చెట్టు దిగి వచ్చి మేనమామ పాదములపై బడెను. ఆయనయే తరువాత ఎంబారను పేర ప్రసిద్ధుడై, పరాశరభట్టరువంటి మహనీయునకు ఆచార్యుడయ్యెను. తిట్టినచో రానివాడు, చెంత కూర్చుండినచో వచ్చెను.

యాదవప్రకాశుని కథయు ద్వేషముతో ముగియలేదు. వృద్ధాప్యమున ఆయన ఒకనాటి తన శిష్యునే ఆశ్రయించి, గోవింద జీయరను నామమున సన్న్యసించి, యతిధర్మసముచ్చయమను గ్రంథమును రచించెను. రామానుజులు ఆయనను స్వీకరించిరి. పదునేడవ యేట కలిగిన గాయమును జీవితాంతము పగగా మోయకుండుటయే ఎదుగుట. పెద్దలైనవారు తమ తప్పు తెలిసికొని చిన్నవారి యెదుట తలవంచగలుగుటయు ఎదుగుటయే. దానికి వయోనియమము లేదు.

కావున ఇంటనున్న పదునేడేండ్ల బిడ్డ మౌనముగా నున్నచో, ఆ మౌనమును ధిక్కారమని తలపరాదు. అది తైలము మర్దించుచున్న ఇళయాళ్వారుని కన్నీరు కావచ్చును. నేటి సాయంకాలమే ఆ బిడ్డ చెంత కూర్చుండి కారణ మడుగవలెను. చెప్పినది రుచింపకున్నను చివరివరకు వినవలెను. బిడ్డలును అడిగిననాడు దాచక, వినయము వీడక చెప్పవలెను. దప్పిగొన్నవారికి దోసెడు నీరిచ్చిన యువకునకు తన విమానమును చూపిన వరదరాజస్వామి, దారి తెలియని ప్రాయమునందున్న మన బిడ్డలకందరకును దారి చూపుగాక!