విమానంలో గాలి, యూవీ దీపం

ప్రశ్న: డాలస్‌లో ఉన్న కూతురి పురుడికి బయల్దేరుతున్న ఖమ్మం దంపతుల సందేహాలివి. విమానంలో గాలిని అతినీలలోహిత కాంతితో శుద్ధి చేస్తారట, నిజమేనా? పక్క సీట్లో ఎవరైనా దగ్గుతుంటే ఆ కాంతి కాపాడుతుందా? చేత్తో పట్టుకునే యూవీ కడ్డీ ఒకటి కొనుక్కెళ్లమని బంధువులు చెబుతున్నారు, కొనొచ్చా? భర్తకు 66 ఏళ్లు, ఉబ్బసం ఉంది.

జవాబు: ఆ కాంతికి క్రిములను చంపే శక్తి ఉందా అంటే, నిస్సందేహంగా ఉంది. చాలా ఇళ్లలో మంచినీళ్ల ఫిల్టర్‌లో వెలిగేది అదే. 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అది సూక్ష్మక్రిమి జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది, ఇక ఆ క్రిమి పిల్లల్ని పెట్టలేదు. గాలి విషయంలోనూ పాత రుజువే ఉంది. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ బృందం క్షయ రోగుల వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందులున్న గదుల్లోకి పంపింది. నేరుగా ఆ గాలి పీల్చిన జంతువులకు క్షయ సోకింది. దారిలో యూవీ దీపాలు దాటి వచ్చిన గాలి పీల్చినవి క్షేమంగా ఉన్నాయి.

విమానం దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. 2020లో టీవీల్లో కనిపించిన హనీవెల్ యంత్రం భోజనాల బండి అంత ఉంటుంది. రెక్కల్లాంటి చేతులు చాపి సీట్ల మీదుగా వెలుగు చల్లుకుంటూ పోతుంది. జెట్‌బ్లూ సంస్థ దాన్ని పరీక్షించి చూసింది. అయితే అది పనిచేసేది ప్రయాణికులు దిగిపోయాకే, శుభ్రం చేసేది సీట్లనూ చేతిపట్టీలనే. తర్వాతి విమానంలో ఎవరో దగ్గే వేళకు ఆ బండి కింద ఎక్కడో షెడ్డులో ఉంటుంది.

ఎగురుతున్నప్పుడు గాలి బాధ్యత చూసేది వేరే ఏర్పాటు. పెద్ద విమానాల్లో దాదాపు సగం గాలి బయటి నుంచి వస్తుంది. మిగతా సగాన్ని హెపా ఫిల్టర్లలో వడగట్టి మళ్లీ వదులుతారు. వడగట్టడానికి అత్యంత కష్టమైన 0.3 మైక్రాన్ల కణాలను కూడా ఆ ఫిల్టర్ 99.97 శాతం పట్టేస్తుంది. గంటకు 20 నుంచి 30 సార్లు క్యాబిన్‌లో గాలి మారిపోతుంది. పైనుంచి దిగి, కాళ్ల దగ్గర పక్క గోడల్లోంచి బయటికి పోతుంది కాబట్టి ముందు వరుస నుంచి వెనక వరుసకు పెద్దగా పాకదు. ఇంత వడపోత జరిగే గొట్టంలో అదనంగా దీపం పెడితే కలిగే లాభం కొంచెమే. హెపా లేని చిన్న విమానాలైతే వేరే మాట.

అసలు చిక్కు పక్క సీటుతోనే. దగ్గిన తుంపర ఫిల్టర్ దాకా వెళ్లకముందే పక్కవారి ముక్కు చేరుతుంది. 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లె బడుల్లో తట్టు ఆపడానికి యూవీ దీపాలు అమర్చారు. అంతకుముందు ఫిలడెల్ఫియా బడుల్లో మంచి ఫలితాలిచ్చిన పద్ధతే అది. ఇక్కడ మాత్రం ఆశించినంత ఫలితం రాలేదు. కారణం వెతికితే స్కూలు బస్సులు కనిపించాయి! తరగతి గదిలో దీపమైతే ఉంది గానీ, ఇంటికి వెళ్లేటప్పుడు పిల్లలు భుజం భుజం రాసుకుని కూర్చునేవారు.

1977లో అలాస్కాలో జరిగింది ఇంకా సూటిగా చెబుతుంది. ఇంజిన్ చెడి 54 మంది ఉన్న విమానం మూడు గంటలు నేల మీదే నిలిచిపోయింది, గాలి యంత్రం ఆగిపోయింది. లోపల ఒకరికి ఫ్లూ ఉంది. మూడు రోజుల్లో ప్రయాణికుల్లో 72 శాతం మంది మంచం పట్టారు. కాబట్టి మాస్కు తప్పనిసరిగా ఉండాల్సిన సమయం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, విమానం కదలకుండా నిలబడినప్పుడు. పక్కవారు దగ్గుతుంటే ప్రయాణమంతా తీయకపోవడమే మేలు. తలపైన ఉండే గాలి మరను మూసేయకుండా తెరిచి ఉంచుకోవాలి. చాలామంది చలికి మూసేస్తారు, దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది కదా.

మనుషులున్నచోటే వెలిగించగల 222 నానోమీటర్ల దీపాల మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ బ్రెన్నర్ బృందం ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ కాంతి చర్మం పైపొరలోనే ఇంకిపోతుంది, లోపలి జీవకణాల దాకా దిగదు. పక్క సీటు సమస్యకు ఎప్పటికైనా జవాబు దొరికితే ఈ దారిలోనే దొరకవచ్చు. కాకపోతే ఇవి గాలిలో కొద్దిగా ఓజోన్ పుట్టిస్తాయి. ఉబ్బసం ఉన్నవారి విషయంలో అది పట్టించుకోవలసిన సంగతే.

ఇక కడ్డీ వద్దు. 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కొన్ని యూవీ కడ్డీలు ప్రమాదకర స్థాయిలో కిరణాలు వదులుతున్నాయని హెచ్చరించింది. కంటికి తగిలితే కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మంట, నీళ్లు మొదలవుతాయి. వెల్డింగ్ వెలుగు చూసినవారికి రాత్రిపూట వచ్చే బాధే ఇది. పైగా సీటు మీద అలా అలా ఊపితే క్రిములు చావవు, తగినంతసేపు వెలుగు పడాలి. తడి శానిటైజర్ కాగితంతో చేతిపట్టీలు, భోజనాల బల్ల తుడుచుకుంటే చాలు.

ఆ డబ్బు టీకాలకు పెట్టడం నయం. పసిబిడ్డను ఎత్తుకోబోయే అమ్మమ్మ తాతయ్యలు కోరింత దగ్గు రక్షణ కూడా ఉండే టీడాప్ టీకా, ఫ్లూ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం లోపే ఉంటుంది, గొంతు ఆరిపోతుంది. మధ్యమధ్య నీళ్లు తాగుతుండాలి. ఇన్‌హేలర్ పెద్ద పెట్టెలో కాకుండా చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా ఉండాలి.